బేలు మధ్యలో ఆకు లాగి చూడండి: ఐసెట్, క్యాట్ పుస్తకాలు కొనేవారికి

మా ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఎంబీఏ ప్రవేశ పరీక్షల పుస్తకాలు అయిదు ఉన్నాయి. అన్నిటికీ కలిపి అప్పట్లో 2,300 రూపాయల చిల్లర పెట్టాను. వాటిలో రెండింటిని తెరిచిన పాపాన పోలేదు. మూడోది నాలుగో అధ్యాయం దాకా నలిగింది. నాలుగోది బరువు కిలోన్నర ఉంటుంది, అమ్మ దాన్ని కొన్నాళ్లు ఊరగాయ జాడీ మూత మీద పెట్టింది. నన్ను గట్టెక్కించింది అయిదోది. అన్నిటికన్నా పలచనిది, ఇప్పుడు అట్ట ఊడిపోయి రబ్బరు బ్యాండుతో బతుకుతోంది.

మా చిన్నాన్న కొడుకు ఈ ఏడాది డిగ్రీ చివరి సంవత్సరం. "అక్కా, నువ్వు రాశావు కదా, ఏ పుస్తకం కొనమంటావు?" అని ఫోను చేశాడు. పేరు చెప్పలేదు. నాకు పనికొచ్చిన పుస్తకం వాడికి పనికొస్తుందని ఏముంది? నేను లెక్కల్లో తప్పేదాన్ని, వాడు ఇంగ్లీషు చూస్తే తడబడతాడు. దాని బదులు ఆదివారం ఒంగోలు రమ్మని, ట్రంకు రోడ్డులో పుస్తకాల దుకాణానికి తీసుకెళ్లి, ఎలా ఎంచుకోవాలో చూపించాను. ఆ రోజు వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మాది కందుకూరు దగ్గర పల్లె, నాన్న పొగాకు రైతు. చిన్నప్పుడు వేలం కేంద్రానికి నాన్న వెంట వెళ్లేదాన్ని. కొనేవాళ్లు బేలు, అంటే కట్టిన పొగాకు కట్ట, పై వరసను పట్టించుకోరు. పైన ఎవరైనా మంచి ఆకే పేరుస్తారు. చెయ్యి లోపలికి పెట్టి మధ్యలోంచి నాలుగు ఆకులు లాగి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి అప్పుడు మాట్లాడతారు. నేను మాత్రం పుస్తకాలను ఏళ్ల తరబడి పై వరస చూసి కొన్నాను. అట్ట మీద "5,000కు పైగా ప్రశ్నలు" అని ఉంటే చాలు, కొనేసేదాన్ని.

దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటి ఉంది. ఇది దాటవేస్తే మిగతాదంతా వృథా. ఏదైనా ఒక పాత ప్రశ్నపత్రం సంపాదించి, గడియారం పెట్టుకుని పూర్తిగా రాయండి. మన రాష్ట్రం పెట్టే ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ అయితే 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. ఏమీ చదవకుండా రాయడానికి సిగ్గేస్తుంది, నిజమే. నాకూ వేసింది. వరండాలో చాప వేసుకుని, నాన్న ఫోనులో అలారం పెట్టి రాశాను. 138 ప్రశ్నలు చేయగలిగాను, 71 ఒప్పు, 67 తప్పు. మిగిలిన 62 ప్రశ్నల దగ్గరికి చేరనే లేదు. ఐసెట్‌లో తప్పు సమాధానానికి మార్కులు కోయరు కాబట్టి ఆ 62 ఖాళీగా వదలడం ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆ 67 తప్పులను రెండు కుప్పలు చేశాను: విషయం తెలియక తప్పినవి, తెలిసీ తొందరలో తప్పినవి. మొదటి కుప్పలో 38, రెండో కుప్పలో 29 తేలాయి. మొదటి కుప్పలో సగానికి పైగా సంభావ్యత, కోడింగ్ (మాటలను సంకేతాలుగా మార్చే ప్రశ్నలు), గణాంకాలే. ఇక చేరలేని 62 మూడో కుప్ప. ఇంత తెలిశాక నాకు కావలసిన పుస్తకం దానంతట అదే కళ్ల ముందుకు వచ్చింది: ఆ మూడు అంశాలు మొదటినుంచి చెప్పేది, తక్కినవాటికి దగ్గరి దారులు చూపేది. సరళ వడ్డీ అంటే ఏమిటో 30 పేజీలు వివరించే పుస్తకంతో నాకు పని లేదు. మీ కుప్పలు వేరేగా ఉంటాయి, కాబట్టి మీ పుస్తకమూ వేరే. ఆ కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి.

దుకాణంలో మొదట చూడాల్సింది పుస్తకం ఏ సంవత్సరపు పరీక్ష కోసం రాసిందో. అట్ట మీద అంకెను నమ్మవద్దు. లోపల రెండో పేజీలో చిన్న అక్షరాలతో కూర్పు, ముద్రణ వివరాలు ఉంటాయి. సవరించిన కూర్పు వేరు, పునర్ముద్రణ వేరు. పునర్ముద్రణ అంటే పాత సరుకుకే కొత్త అట్ట. 2022 ఏప్రిల్‌లో మా కందుకూరును ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరులో కలిపారు. ఊరు అంగుళం కదలలేదు, గుడి గోపురం అక్కడే ఉంది, కానీ అప్పట్లో కలెక్టరేటు పని పడితే వెళ్లాల్సిన దిక్కు మారిపోయింది. ఈ పరీక్షలూ అంతే. పేరు అదే ఉంటుంది, లోపల దిక్కు మారిపోతుంది.

ఐఐఎంలలో ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్ సంగతే చూడండి. 2019 దాకా 100 ప్రశ్నలు, మూడు గంటలు. 2020లో కరోనా కారణంగా రెండు గంటలకు కుదించారు, మళ్లీ వెనక్కి మార్చలేదు. 2024లో వచ్చినవి 68 ప్రశ్నలే: ఇంగ్లీషులో 24, తర్కం, దత్తాంశాల విభాగంలో 22, లెక్కల్లో 22. ఒక్కో విభాగానికి 40 నిమిషాలు, ఒకటి ముగిసేదాకా ఇంకోదానికి వెళ్లనివ్వరు. కాబట్టి పుస్తకం చివర ఉన్న నమూనా పరీక్షలు తిప్పి చూడండి. 100 ప్రశ్నలు, 180 నిమిషాలు అని ఉంటే ఆ పుస్తకం ఎక్కడ ఆగిపోయిందో తెలిసిపోతుంది. అందులో లెక్కలు పనికిరావని కాదు, శాతాలు 2015లోనూ శాతాలే. కానీ వేగం అలవాటు చేసుకోవడానికి ఆ నమూనా పరీక్షలు పనికిరావు. అలాగే క్యాట్ పుస్తకంలో కఠిన పదాల పట్టికలు వంద పేజీలు ఉంటే కింద పెట్టేయండి. ఇప్పటి క్యాట్ పదాలకు అర్థాలు నేరుగా అడగడం లేదు. ఇంగ్లీషు విభాగంలో పెద్ద భాగం గద్యాలు చదివి అర్థం చేసుకునేదే, మిగిలింది వాక్యాలను వరస పెట్టడం, పేరా సారాంశం చెప్పడం వంటివి.

కావలిలో మా స్నేహితురాలి తమ్ముడు విదేశాల్లో ఎంబీఏ చేయాలని జీమ్యాట్‌కు తయారయ్యాడు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర అధికారిక గైడు సగం ధరకు దొరికిందని సంబరపడి తెచ్చుకున్నాడు. అందులో వాక్య దోషాల సవరణ మీద పెద్ద అధ్యాయం ఉంది, పాపం నెల రోజులు కూర్చుని చేశాడు. 2023 నవంబరులో మొదలైన కొత్త జీమ్యాట్‌లో ఆ తరహా ప్రశ్నలే లేవు. వ్యాసం తీసేశారు, లెక్కల్లో జ్యామితి తీసేశారు. ఇప్పుడున్నది 45 నిమిషాల చొప్పున మూడు విభాగాలు, మొత్తం 64 ప్రశ్నలు, మార్కులు 205 నుంచి 805 మధ్య. సగం ధరకు కొన్నాడు, సగం పుస్తకమే పనికొచ్చింది. లెక్క సరిపోయిందని వాళ్ల అక్క ఇప్పటికీ ఏడిపిస్తూ ఉంటుంది.

ఇక బేలు మధ్యలో చెయ్యి పెట్టాలి. ప్రశ్నలు ఏ పుస్తకంలోనైనా కావలసినన్ని ఉంటాయి, ఒకరి దగ్గరినుంచి ఒకరు తీసుకుంటారు కూడా. పుస్తకానికీ పుస్తకానికీ తేడా తెలిసేది జవాబుల వివరణలో. మీ కాగితం తీసి, మీరు తప్పిన అంశం ఏదైనా ఒకటి పట్టుకుని, నేరుగా దాని వివరణ పేజీకి వెళ్లండి.

ఒక ఉదాహరణ చెబుతాను. డేటా సఫిషియెన్సీ అనే రకం ఉంది, ఇచ్చిన సమాచారం సరిపోతుందో లేదో చెప్పడం. ప్రశ్న ఇది: ఒక సంఖ్య పూర్ణాంకమా, కాదా? మొదటి ప్రవచనం (అంటే ఇచ్చిన వాక్యం), దానికి రెట్టింపు పూర్ణాంకం. రెండో ప్రవచనం, దాని వర్గం పూర్ణాంకం. నా దగ్గరున్న కిలోన్నర పుస్తకంలో వివరణ ఒకే ఒక్క ముక్క: "రెండు ప్రవచనాలూ అవసరం". అంతే. ఎందుకు అవసరమో వాళ్లకు తెలుసు, నాకు తెలియదు, అందుకే కదా కొన్నాను! పలచటి పుస్తకంలో ఇలా ఉంది: మొదటిది మాత్రమే తీసుకుంటే ఆ సంఖ్య అర కావచ్చు, అర రెట్టింపు ఒకటి, పూర్ణాంకమే, కానీ అర పూర్ణాంకం కాదు. కాబట్టి మొదటిది చాలదు. రెండోది మాత్రమే తీసుకుంటే అది రెండు వర్గమూలం కావచ్చు. దాని వర్గం రెండు, కానీ అది పూర్ణాంకం కాదు. కాబట్టి రెండోదీ చాలదు. రెండూ కలిపితే: రెట్టింపు పూర్ణాంకం అన్నారు కాబట్టి ఆ సంఖ్య ఏదో ఒక పూర్ణాంకంలో సగం. ఆ పూర్ణాంకం బేసి అయితే దాని సగం వర్గం పావుతో తేలుతుంది, పూర్ణాంకం కాదు. కనుక అది సరి సంఖ్యే, దాని సగం పూర్ణాంకమే. ఇప్పుడు సరిపోయింది.

రెండో వివరణ చదవగానే నాకు తెలిసింది ఒక్క జవాబు కాదు. ఈ రకం ప్రశ్న వస్తే ముందు అర, తర్వాత వర్గమూలం, సున్నా, రుణ సంఖ్య పెట్టి చూడాలని తెలిసింది. వివరణ అంటే అదీ. తప్పుడు ఎంపిక ఎందుకు తప్పో చెప్పని పుస్తకం నాకు అక్కర్లేదు. ఇంగ్లీషు గద్యాలకు ఇది మరీ ముఖ్యం. "సరైన జవాబు మూడోది, రెండో పేరా చూడండి" అని సరిపెట్టేవి చాలా ఉంటాయి. మిగతా మూడింటిలో ఏది గద్యంలో లేని మాట చెబుతోంది, ఏది ఉన్నదాన్నే సాగదీస్తోంది అని విడదీసి చెప్పే పుస్తకం కనబడితే, ధర యాభై ఎక్కువైనా తీసుకోండి.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. డేటా సఫిషియెన్సీ బాగా నేర్పుతుందని జీమ్యాట్ పుస్తకంతో ఐసెట్‌కు తయారయ్యేవాళ్లు ఉన్నారు. నేర్చుకోండి, తప్పు లేదు. కానీ జీమ్యాట్‌లో జవాబుకు అయిదు ఎంపికలు, ఐసెట్‌లో నాలుగు. వాటి వరసలూ వేరు. చేతికి అలవాటైన అంకె పరీక్ష రోజున తప్పు చోట పడుతుంది.

వివరణ బాగుంటే సరిపోదు, అది మీ పరీక్ష వేగానికి సరిపోవాలి. బియ్యం ధర 25 శాతం పెరిగింది. ఇంటి ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి? ఒక పుస్తకం ఏం చేస్తుందంటే, బియ్యం ధర వంద అనుకుని, వాడకం వంద కిలోలు అనుకుని, కొత్త ధర 125 రాసి, పదివేలను 125తో భాగించి 80 తెచ్చి, వందలోంచి తీసివేసి 20 శాతం అంటుంది. ఒప్పే. కానీ ఆరు వరసలు. ఇంకోటి, ధర 5/4 వంతులయితే వాడకం 4/5 వంతులు కావాలి, అంటే అయిదో వంతు తగ్గాలి, 20 శాతం అంటుంది. ఒకే వరస. మొదటి పద్ధతి లేకపోతే రెండోది బట్టీ అవుతుంది, రెండోది లేకపోతే 45 సెకన్లలో తేలదు. రెండూ పక్కపక్కన ఇచ్చే పుస్తకం ఐసెట్‌కు కావాలి. క్యాట్‌లో లెక్కల ప్రశ్నకు సుమారు నూట పది సెకన్లు దొరుకుతాయి, తెర మీద కాలిక్యులేటర్ కూడా ఉంటుంది. అక్కడ కిటుకుల కన్నా ఆలోచన పెంచే పుస్తకం కావాలి. అట్ట మీద "క్యాట్, మ్యాట్, ఐసెట్ అన్నిటికీ" అని ఉన్నది నేను కొనను. అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టే దర్జీ దగ్గరికి మనం వెళ్తామా?

మాలాగా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఐసెట్‌లో ఇంగ్లీషు విభాగం తప్ప మిగతా ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. అది చూసి పూర్తిగా తెలుగు పుస్తకమే కొంటే, రేపు ఎంబీఏ తరగతిలో మళ్లీ మొదటికి వస్తుంది. పూర్తిగా ఇంగ్లీషుది కొంటే, క.సా.గు. అని పదో తరగతి దాకా నోటికి పట్టిన మాట అక్కడ ఇంకో వేషంలో కనబడి అర నిమిషం తినేస్తుంది. మధ్యగతం, బాహుళకం నాకు నిద్రలో అడిగినా వచ్చేవి. మీడియన్, మోడ్ అనేసరికి ఏది ఏదో తారుమారయ్యేది. రెండు పేర్లూ పక్కపక్కన అచ్చేసిన పుస్తకం దొరికితే మంచిది. దొరకకపోతే ఇంగ్లీషు పుస్తకమే కొని, మొదటి వారం చివరి తెల్ల పేజీలో రెండు నిలువు వరసలు గీసి మీరే రాసుకోండి. నాకు 60 మాటలు దాటలేదు. తెలుగు అనువాద పుస్తకాలైతే కొనే ముందు ఒక పేజీ పైకి చదివి చూడండి. రెండుసార్లు చదివినా ప్రశ్న ఏమి అడుగుతోందో అర్థం కాకపోతే తప్పు మీది కాదు.

ఇప్పుడు జవాబుల పట్టీ. కొనే ముందు అక్కడే అయిదు సులువు లెక్కలు చేసి సరిచూసుకోండి. దుకాణదారు విసుక్కున్నా పర్వాలేదు. మొదటి ప్రయత్నంలో నేను ఒక శిక్షణ కేంద్రం వాళ్ల స్పైరల్ బైండింగు మెటీరియల్ మీద ఆధారపడ్డాను. ఒక అధ్యాయంలో 37వ ప్రశ్ననుంచి జవాబులన్నీ ఒక అంకె కిందికి జారాయి. 37 జవాబు 38కి, 38 జవాబు 39కి. నాకు లెక్కలు రావని రెండు రోజులు ఏడ్చాను. చివరికి మా పక్కింటి లెక్కల మాస్టారు చూసి, "అమ్మాయ్, నువ్వు చేసినవన్నీ ఒప్పే. ఈ అచ్చు వేసినవాడే పరీక్ష తప్పాడు" అన్నారు. అయిదింటిలో ఒక్కటి తప్పున్నా ఆ పుస్తకం వదిలేయండి.

పాత పుస్తకాలు కొనవద్దని అనను, డబ్బు అందరి దగ్గరా ఒకేలా ఉండదు. కాకపోతే పాత పుస్తకం ఎక్కడిదాకా నలిగిందో చూడండి. నేను చూసిన ప్రతి పాత పుస్తకమూ శాతాల అధ్యాయం దాకా నల్లగా, జిడ్డుగా ఉండి, అక్కడినుంచి కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. మన రాష్ట్రంలో ఎంతమంది మేనేజర్లు శాతాల దగ్గర ఆగిపోయారో! ఆ నలిగిన పేజీల్లో పెన్నుతో జవాబులకు గుర్తులు ఉంటే తీసుకోవద్దు, కన్ను ముందు గుర్తు మీదికే పోతుంది. పెన్సిల్ అయితే చెరిపేసుకోవచ్చు. జిరాక్సు కాపీలు మాత్రం ఎవరు ఇచ్చినా వద్దు. రాసినవాడి కష్టం సంగతి సరే, వృత్తచిత్రాల్లో (పై చార్టుల్లో) బూడిద రంగు ఛాయలన్నీ ఒకే నలుపుగా మారి, ఏ ముక్క గోధుమో ఏ ముక్క వరో తెలియదు. దత్తాంశ విశ్లేషణ అంతా అలాంటి బొమ్మల మీదే నడుస్తుంది.

ఎన్ని కొనాలి? వివరణలున్న పుస్తకం ఒకటి, పాత ప్రశ్నపత్రాల సంపుటి ఒకటి. ఆ పైన తప్పులు రాసుకోవడానికి ఒక వంద పేజీల నోటుబుక్కు. ఇంతకు మించి ఏమీ వద్దు. ఇంకా ఏదైనా చూడాలనిపిస్తే ఒంగోలులోనూ నెల్లూరులోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఉన్నాయి, వెళ్లి చూసి రండి. క్యాట్‌కు అధికారిక వెబ్‌సైటులో నమూనా పరీక్ష ఉచితంగా పెడతారు. జీమ్యాట్ వాళ్లూ రెండు పూర్తి పరీక్షలు ఉచితంగా ఇస్తారు. డబ్బు పెట్టే ముందు అవి రాయండి.

చివరిగా, కొన్న రోజే ప్రతి పేజీ తిప్పి అంకెలు సరిచూడండి, బిల్లు దాచండి. పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయి, కుట్టేటప్పుడు ఒక ఫారం బదులు ఇంకోటి పడిపోవడం మామూలే. మా తమ్ముడు ఆ ఆదివారం ఎంచుకున్న పుస్తకంలో 193నుంచి 208 దాకా రెండుసార్లు ఉన్నాయి, తర్వాత నేరుగా 225. మధ్యలో పోయిన పదహారు పేజీలూ సంభావ్యతవే. వాడు మరుసటి శనివారం బిల్లు పట్టుకుని వెళ్లాడు. దుకాణం ఆయన కళ్లజోడు పైకి నెట్టి పేజీలు తిప్పి చూసి, మారు మాట లేకుండా వేరే కట్టలోంచి ఇంకో కాపీ తీసి ఇచ్చాడట. ఇస్తూ అన్నాడట: "ఈ కట్టలోవి ఇరవై అమ్మాను బాబూ. వెనక్కి తెచ్చింది నువ్వొక్కడివే."